పాకం ఎవరిది

సొలాంజ్ కుడి మణికట్టు విరిగింది,
మెట్ల మీద మంచుగడ్డ చేసిన పని.
పిండికట్టుని పిల్లిపిల్లలా ఒళ్లో పెట్టుకుని
కిటికీ పక్క కుర్చీలో కూచుంది,
ఎడమచేతి చూపుడువేలితో నన్ను ఆడిస్తోంది.
ఈస్టర్ భోజనం ఈసారి నా నెత్తిన పడింది.

నాకు వంట రాదు. చెట్లు వచ్చు.
షోడియేర్ నది వంపులో మా ఎనిమిది వందల మేపుళ్లు.
రాత్రి గడ్డకట్టి పగలు కరిగే మార్చిలో
ఏది ముందు కారుతుందో బెరడు తడిమి చెబుతాను.
నలభై బిందెలు మరిగితే
ఒక్క బిందె పాకం.
ఆవిట్లోనే కునుకు తీస్తాను, ఆవిట్లోనే లేస్తాను.
నా కోటూ నా కనుబొమలూ
ఆఖరికి మా కుక్క కూడా
జూన్ దాకా తియ్యటి వాసనే.

అందుకే, ఉప్పులో ఊరిన పంది తొడని
పళ్లెంలోకి దించీ దించగానే
అలమర మీది నా సీసాకి చెయ్యి చాచాను.

"అది కాదు."

వినపడనట్టు మూత తిప్పుతున్నాను.

"రొజేర్, అది కాదన్నానా.
నేలమాళిగలో, బంగాళాదుంపల గోనె వెనక
నీలం గుడ్డ కట్టిన జాడీ ఉంటుంది."

తెచ్చాను. నల్లగా, చిక్కగా, తొందరలేని సరుకు.
వేలు ముంచి నాకితే పులుపు ముందొచ్చింది,
తీపి తీరిగ్గా, చెప్పులు విడిచి లోపలికొచ్చింది.

"యాపిల్ రసం. రూజ్‌మాన్‌లో మా నాన్న తోటది.
అక్టోబర్‌లో నువ్వు కట్టెలకి పోయే వారం కాస్తాను.
పంచదార గింజ పడదు.
రెండు చెంచాల నల్ల తేనె కలుపు,
ఆవముద్ద ఒక్కటి. లవంగాలు నీ ఇష్టం."

"మరి నా సిరప్?"

"అట్ల మీదికి."

"ఎప్పట్నుంచి?"

"మొదట్నుంచీ."

ముప్పై ఒక్క ఈస్టర్లు.
ముప్పై ఒక్కసార్లు పక్కింటి ఒవిలా
బ్రెడ్డుముక్కతో పళ్లెం తుడిచి
"నీ చెట్లు దేవుడి చెట్లయ్యా రొజేర్" అన్నాడు.
నేను మొదలుపెట్టేవాణ్ణి:
తాత బర్మా, తెల్లవారుజాము చలి, నలభైకి ఒకటి లెక్క...
ఆవిడ దుంపల గిన్నె అందిస్తూ ఉండేది.
సొమ్మొకడిది సోకొకడిది అన్న మాట
ఎవరి గురించో అనుకుంటూ బతికాను.

"ఎందుకు చెప్పలేదు?"

కిటికీ అద్దం మీద ఏదో గీకింది గోటితో.
"నువ్వు గొప్పలు చెప్పేటప్పుడు
నీ చెవులు ఎర్రబడతాయి. చూడ్డానికి బాగుంటుంది."

కత్తితో కొవ్వు మీద గళ్లు గీశాను, వంకరగా.
గడికో లవంగం గుచ్చాను.
మొదటి పూత జారిపోయింది,
గాజు మీద వానలాగ.
రెండోది అంచుల్లో మాడింది.
ఓవెన్ తలుపు తీసినప్పుడల్లా కళ్లద్దాలు మసకబారాయి.
"పాకం ఇంకా పల్చనేమో" అన్నాను.
"నన్నడుగుతావేం, పాకం సంగతి నీకు తెలీదూ?"

నిజమే.
పొయ్యి మీద ఇంకాసేపు మరగనిచ్చాను, గరిటె ఎత్తాను.
చుక్కచుక్కగా పడేది
ఒక దగ్గర కలిసి, పరదాలా వేలాడి, తెగింది.
అప్పుడు దించాను.
మూడో పూత పట్టింది.
పాత గుర్రపు జీను మెరుపు వచ్చింది తొడకి.
సొలాంజ్ కుర్చీలోంచి లేచి, వాసన చూసి,
ఏమీ అనకుండా మళ్లీ కూచుంది.
మెచ్చుకోలు అంతే, మా ఇంట్లో.

సాయంత్రం ఒవిలా వచ్చాడు, మనవరాలితో, ఆకలితో.
రెండో వడ్డన అయ్యాక బ్రెడ్డు తుంచాడు,
పళ్లెం చుట్టూ తిప్పాడు:
"ఈ ఏడు మరీనయ్యా రొజేర్, నీ చెట్లు..."

బల్ల కింద పిండికట్టు నా మోకాలికి తగిలింది.
చెప్పమనో, వద్దనో.
ముప్పై ఒక్కేళ్ల కాపురంలో
ఆ ఒక్క పోటు నాకర్థం కాలేదు.
చెవులు మాత్రం వేడెక్కాయి.

"ఒవిలా," అన్నాను,
"ఇది అక్టోబర్‌లో కాచింది."

అక్టోబర్‌లో ఏ మేపులూ కారదని
ఒవిలాకి తెలుసు.
బ్రెడ్డుముక్క నోటి దగ్గర ఆగింది.